ఏలూరు కాలువలో పారే గోదావరి ఎవరిది?

విజయవాడలో గుణదల పడవల రేవు దగ్గర కాసేపు నిలబడితే ఏలూరు కాలువ కనిపిస్తుంది. ఒకప్పుడు ఈ కాలువలో ఏలూరు దాకా, అక్కడి నుంచి గోదావరి కాలువల్లోకి పడవలు నడిచేవి. పడవలు పోయాయి, పేరు మిగిలింది. ఇప్పుడు గోదావరే మన దగ్గరికి వస్తోంది. 2015 నుంచి పట్టిసీమలో 24 పంపులు గోదావరి నీటిని తోడి పోలవరం కుడికాలువలో పోస్తున్నాయి. అది ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసి, ప్రకాశం బ్యారేజీ నుంచి డెల్టా కాలువలకు చేరుతుంది. నారుమళ్లకు నీళ్లు వేళకు అందితే నవంబరు తుఫాన్లు రాకముందే వరి కోతకొస్తుంది. ఆ కొద్ది వారాల తేడా ఎంతటిదో పనల మీద వాన పడ్డ రైతుకు తెలుసు.

పట్టిసీమ తాత్కాలిక ఏర్పాటు. శాశ్వతంగా నీళ్లు రావలసింది పోలవరం ఆనకట్ట నుంచి. దాని వెనక 194 టీఎంసీలు నిలుస్తాయి. ఆ నీటి కిందికి పోయే ఊళ్ల పేర్లు డెల్టాలో తక్కువగా వినిపిస్తాయి. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు, దేవీపట్నం, పోలవరం మండలాల్లో సుమారు లక్ష కుటుంబాలు కదలాలి. అందులో సుమారు సగం కోయలు, కొండరెడ్లు వంటి ఆదివాసులు. రాష్ట్ర జనాభాలో ఆదివాసులు నూటికి ఆరుగురు కూడా లేరు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుంటే భారం ఎవరి నెత్తిన పడిందో తెలుస్తుంది.

వాతావరణ న్యాయం అన్న మాట ఈమధ్య తరచు వింటున్నాం. దాని అర్థం కష్టమైనదేం కాదు. భూమి వేడెక్కడానికి అందరికన్నా తక్కువ కారణమైనవాళ్లు అందరికన్నా ముందు మునుగుతున్నారు. వరద నుంచో కరువు నుంచో మిగతావారిని కాపాడేందుకు కట్టే కట్టడాలకు కూడా మళ్లీ వాళ్ల నేలే పోతోంది. కాబట్టి ఆ నేల గురించి నిర్ణయించేటప్పుడు మొదటి మాట వాళ్లదే కావాలి. అమెజాన్ అడవుల్లోని ఆదివాసులు అడిగేదీ ఇదే. ఈక్వడార్‌లో సరయాకు ప్రజలు తమను సంప్రదించకుండా చమురు వెతుకులాటకు అనుమతి ఇచ్చారని అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లి 2012లో గెలిచారు.

అంత దూరం పోకపోయినా మన చట్టాల్లోనే ఈ హక్కు ఉంది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు వేసింది. హక్కుల గుర్తింపు పూర్తయ్యేదాకా అడవి నుంచి ఎవరినీ ఖాళీ చేయించకూడదంది. దాని కింద గ్రామసభ అంటే ఊళ్లో 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ. సగం మందైనా కూర్చోవాలి, వచ్చినవారిలో మూడో వంతైనా ఆడవాళ్లుండాలి. ఒక సర్పంచి సంతకంతో సరిపెట్టే వీల్లేదు. మన పక్కనే, ఒడిశాలోని నియమగిరిలో ఇది పనిచేసింది. సుప్రీంకోర్టు 2013లో నిర్ణయం గ్రామసభలకు వదిలితే, సభలు జరిగిన 12 ఊళ్లూ బాక్సైటు తవ్వకం వద్దన్నాయి. తవ్వకం ఆగింది.

పోలవరంలో మాట అంతా కాంటూరు గీత చుట్టూ తిరుగుతోంది. పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. మొదటి దశలో 41.15 మీటర్ల దాకా నీళ్లు నిలుపుతారు, ఆ గీత లోపలి ఊళ్లకు ముందు పరిహారం ఇస్తారు. గీతకు అవతలి గూడెం కాగితం మీద మునగదు. నది కాగితం చూసి పొంగదు. 2021 జూన్‌లో కాఫర్ డ్యాం అడ్డుగా పెట్టి గోదావరిని స్పిల్‌వే వైపు మళ్లించారు. మరుసటి ఏడాది జూలై 16న భద్రాచలం దగ్గర నది 71.3 అడుగులకు చేరింది. ముంపు మండలాల జనం కొండలెక్కి టార్పాలిన్ల కింద రోజులు గడిపారు. గీతకు పైన ఉన్నాయని చెప్పిన ఊళ్లలోకీ నీళ్లు వచ్చాయి, మమ్మల్నీ జాబితాలో చేర్చండని అప్పటి నుంచి అడుగుతున్నారు. నాకిది చాలా న్యాయమైన కోరికగా అనిపిస్తుంది.

ఆ బాధ మనకూ ఇప్పుడు కొంత తెలుసు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్ మునిగింది. పాలప్యాకెట్ కోసం పడవకు చెయ్యెత్తిన రోజులవి. నీళ్లు తీశాక పరుపులు, బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాలు వీధుల్లో కుప్పలుగా పడ్డాయి. బురద కడుక్కుని మనం అదే ఇంట్లో ఉన్నాం. కూనవరం వైపు వాళ్లకు తిరిగి వెళ్లే ఇల్లుండదు. పునరావాస కాలనీలో సిమెంటు ఇల్లు ఇస్తారు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి పోయిన ఆదివాసికి భూమికి భూమి, పోయినంతో, రెండున్నర ఎకరాలో, ఏది తక్కువైతే అంత దక్కాలి. అయితే ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు, వెదురు ఏ పట్టాలో రాసుంటాయి? కొండరెడ్ల బతుకంతా పోడు మీద, వెదురు మీద. ఏడాదిలో కొన్ని నెలలు ఇల్లు గడిపింది ఆ అడవే. అందుకే వాళ్లకు ఇంటి స్థలంతోపాటు ఆవాసం మీదే హక్కు ఇవ్వాలని అటవీ హక్కుల చట్టం చెబుతోంది.

నీళ్లు వద్దనుకోమని డెల్టా రైతును అడగడం నా ఉద్దేశం కాదు. 41.15 నుంచి 45.72కు నీటిమట్టం పెంచే ముందు మధ్యలో ఉన్న ప్రతి గూడెంలోనూ గ్రామసభ పెట్టాలి. భూమి, అడవి హక్కులు ముట్టాకే గేట్లు దించాలి. ముంపు మండలాల వాళ్లు ఏళ్ల తరబడి చేస్తున్న ఈ డిమాండు మీద కాలువ కింద సాగుచేసే నీటి సంఘాలు కూడా ఒక తీర్మానం చేసి పంపవచ్చు. ఖరీఫ్ నీటి విడుదల కోసం ఏటా సమావేశమవుతూనే ఉంటారు. ఈసారి ఎజెండాలో దాన్ని మొదటి అంశంగా పెట్టుకోమంటున్నాను.