అడవి తరిగిన చోట జింక

సూరత్ అనగానే మరమగ్గాలు, వాటిని నమ్ముకొని వలస వెళ్ళిన తెలుగు నేత కుటుంబాలు మనకు స్ఫురిస్తాయి. ఆ నగరానికి తూర్పు, ఆగ్నేయ దిక్కుల్లో డాంగ్ కొండల వరకు ఒకప్పుడు టేకు, వెదురు అడవులు విస్తరించి ఉండేవి. చుక్కల దుప్పుల వంటి జింకలకు అవి ఆలవాలం.

సేద్యం కోసం అడవులను నరికారు. తాపీ నదిపై 1972లో పూర్తయిన ఉకాయ్ జలాశయంలో కొంత అటవీభూమి మునిగింది. కాలువల నీటితో చెరకు సాగు పెరిగింది. చిరుతపులి ఈ మార్పుకు అలవాటు పడింది. మాండ్వి ప్రాంతపు చెరకు తోటల్లో పొంచి, కుక్కలను, మేకలను, అడవిపందులను వేటాడి బ్రతుకుతున్నది. మేతకు గడ్డి, నీరు, చెట్లనీడ కోరే జింకకు ఆ తోట ఆశ్రయం కాజాలదు.

అయితే జింకల క్షీణతకు చిరుతే కారణమా? మేత సమృద్ధిగా ఉన్న అడవిలో వేటకు బలైన వాటి లోటును కొత్త పిల్లలు తీరుస్తాయి. అడవి ముక్కలై మంద చిన్నదైనప్పుడు మాత్రం అదే వేట మంద ఉనికికే ముప్పు కాగలదు.

1979లో ఏర్పడిన వాంస్దా జాతీయవనం వైశాల్యం సుమారు 24 చదరపు కిలోమీటర్లే. చిరుతను పట్టి తరలించినంత మాత్రాన జింక తిరిగి రాదు. ఇటువంటి చిన్న వనాలను చుట్టుపక్కల అడవులతో కలిపే పచ్చని దారులు నిలిచినప్పుడే మందలు వృద్ధి చెందుతాయి.