ఆడినందుకు పైసా లేదు, రాసినందుకు వెలి

గ్యారెత్ ఎడ్వర్డ్స్ పేరు మన ఇళ్లల్లో వినబడదు. మనకు కబడ్డీ తెలుసు, క్రికెట్ తెలుసు. రగ్బీ చూసినవాళ్లు తక్కువ. కానీ ఈయన బొగ్గుగని కార్మికుడి కొడుకు. ఈయన కథలో మిల్లు కార్మికుల సంగతి కూడా ఉంది. అందుకే ఈ నెల చెప్పుకుందాం.

ముందు ఆట గురించి రెండు మాటలు. రగ్బీ యూనియన్‌లో జట్టుకు 15 మంది. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చేత్తో పట్టుకుని పరిగెత్తొచ్చు, కాలితో తన్నొచ్చు. చేత్తో ఇంకొకరికి అందించాలంటే మాత్రం పక్కకో వెనక్కో విసరాలి, ముందుకు విసరకూడదు. ముందు వరసల్లో 8 మంది బలంగా తోసుకుంటూ బంతి సంపాదిస్తారు. దాన్ని అందుకుని వెనకాలవాళ్లకు చేరవేసే ఆటగాణ్ణి స్క్రమ్ హాఫ్ అంటారు. ఎడ్వర్డ్స్ ఆడింది ఆ స్థానంలోనే.

బ్రిటన్‌లో వేల్స్ దక్షిణ భాగం ఒకప్పుడు బొగ్గుకు పేరు. 1947లో పుట్టిన ఎడ్వర్డ్స్ అక్కడి గ్వాన్ కే గర్వెన్ అనే ఊళ్లో పెరిగాడు. నాన్న గనిలో పనిచేసేవాడు. బిల్ శామ్యూల్ అనే ఆటల మాస్టారు ఈ పిల్లోడి సత్తా కనిపెట్టి గట్టిగా సాధన చేయించాడు. అంతటితో ఊరుకోలేదు. ఇంగ్లండులో మిల్‌ఫీల్డ్ అనే ఖరీదైన బడి ఉంది. దాని హెడ్మాస్టరుకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, ఫీజులో రాయితీతో సీటు ఇప్పించాడు.

1967 ఏప్రిల్ 1న ప్యారిస్‌లో ఫ్రాన్స్ మీద ఎడ్వర్డ్స్ మొదటిసారి వేల్స్ జట్టు తరఫున ఆడాడు. అప్పటికి 19 ఏళ్లు. మరుసటి ఏడాది 20 ఏళ్లకే కెప్టెన్ అయ్యాడు. ఆ మొదటి మ్యాచ్ నుంచి 1978 దాకా వేల్స్ ఆడిన 53 మ్యాచ్‌లూ వరసగా ఆడాడు. దెబ్బ తగిలిందనో, ఆట తగ్గిందనో ఒక్కటీ తప్పిపోలేదు. చివరి మ్యాచ్ కూడా ఫ్రాన్స్ మీదే. 1971, 1976, 1978లలో ఐదు దేశాల పోటీలో వేల్స్ అందరినీ ఓడించింది. బ్రిటన్, ఐర్లండ్ ఉమ్మడి జట్టు లయన్స్ 1971లో న్యూజీలాండ్‌లో సిరీస్ గెలిచినప్పుడు కూడా ఎడ్వర్డ్స్ ఉన్నాడు.

1973 జనవరి 27న కార్డిఫ్‌లో బార్బేరియన్స్ జట్టు తరఫున న్యూజీలాండ్ మీద చేసిన స్కోరును ఇప్పటికీ చూస్తుంటారు. ఫిల్ బెన్నెట్ తన గోల్ దగ్గర బంతి తీసుకుని ముగ్గురు నలుగురిని తప్పించుకున్నాడు. అది చేతులు మారుతూ మైదానం పొడుగునా వచ్చింది. ఏడోవాడుగా ఎడ్వర్డ్స్ అందుకుని, ఎడమ మూల దాకా ఉరికి దూకాడు.

ఇంత ఆడినా ఆటకు జీతం లేదు. అప్పటి రూలు ప్రకారం రగ్బీ యూనియన్‌లో డబ్బు ముట్టకూడదు. బతుకుతెరువుకు వేరే పని చూసుకోవాల్సిందే.

ఈ రూలు వెనక పాత గొడవ ఒకటుంది. ఉత్తర ఇంగ్లండులో లాంకషైర్, యార్క్‌షైర్ క్లబ్బుల్లో ఆడేవాళ్లలో చాలామంది బట్టల మిల్లుల్లో, గనుల్లో పనిచేసేవాళ్లు. శనివారం మ్యాచ్‌కు పోతే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి క్లబ్బు ఇవ్వాలని వాళ్లు అడిగారు. కలిగినవాళ్ల చేతిలో ఉన్న యూనియన్ ఒప్పుకోలేదు. 1895 ఆగస్టు 29న ఉత్తరాది క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లో ఒక హోటల్లో కూర్చుని విడిపోయాయి. రోజుకు 6 షిల్లింగుల దాకా కూలి నష్టం ఇచ్చేందుకు ఒప్పుకున్నాయి. ఈ రోజు రగ్బీ లీగ్ అంటున్నది అలా పుట్టిందే.

తర్వాత వేల్స్ కుర్రాళ్లు ఎందరో డబ్బు కోసం ఆ లీగ్‌కు వలసపోయారు. 1967లో డేవిడ్ వాట్కిన్స్ అలాగే శాల్‌ఫోర్డ్ చేరాడు. పోయినవాళ్లకు పాత ఆట తలుపులు మూసేసేవారు.

ఎడ్వర్డ్స్ పోలేదు. ఆట మానేశాక 1978లో తన జీవిత కథ పుస్తకంగా వేసి, వచ్చిన డబ్బు ఉంచుకున్నాడు. అంతే, డబ్బు ముట్టావు కాబట్టి అమెచ్యూర్‌వి కాదన్నారు. తనకు తెలిసిన ఆటను రగ్బీ యూనియన్ పిల్లలకు నేర్పే హక్కు కూడా పోయింది. యూనియన్ ఆటగాళ్లకు డబ్బు ఇవ్వొచ్చని 1995 ఆగస్టులో ఒప్పుకున్నారు. మిల్లు కార్మికులు అడిగిన నూరేళ్లకు! 2003లో ఒక రగ్బీ పత్రిక అంతర్జాతీయ ఆటగాళ్లను అడిగితే, అన్ని కాలాల్లోనూ గొప్పవాడు ఎడ్వర్డ్సే అన్నారు. 2015లో సర్ బిరుదు వచ్చింది.

బదిలీ కార్మికుడికైనా, మగ్గం మీద కూలికైనా ఒక పూట పని పోతే ఎంత నష్టమో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన పేటలో పిల్లోడో పిల్లో బాగా ఆడితే చప్పట్లు కొడతాం, మంచిదే. బస్సు ఛార్జీ ఎవరు పెట్టారు, బూట్లు ఎవరు కొన్నారు, వెంట వెళ్లిన నాన్నకో అమ్మకో ఆ రోజు కూలి పోయిందా అని కూడా అడుగుదాం. సంఘం నిధిలోంచి ఆ ఒక్క రోజు కూలి ఇచ్చినా, ఆ బిడ్డ ఇంకో మ్యాచ్ ఆడుతుంది.