కండ పెరుగుట – కంచము, పడక

పూర్వపు వరంగల్లు జిల్లానుండి 2016లో వేరుపడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములలో నేడు వ్యాయామశాలలు వెలసినవి. తాతలు తాలింఖానాలో దండీలు, బస్కీలు తీసిరి. మనుమలు ఇనుప బరువులెత్తుచున్నారు. శ్రమ మెచ్చదగినదే. కాని నెలల తరబడి చెమటోడ్చినను కండ పెరుగలేదని నిరాశపడు యువకులు పెక్కురు. లోపము తరచుగా వ్యాయామశాలలో గాక, ఇంటిలోని కంచమునందును, పడకయందును ఉండును.

బరువెత్తునప్పుడు కండ పెరుగదు. కండరముల తంతువులపై ఒత్తిడి మాత్రము పడును. తరువాతి ఒకటి రెండు దినములలో శరీరము ఆహారమునందలి మాంసకృత్తులను గ్రహించి, ఆ తంతువులను మునుపటికంటె దృఢముగా కట్టుకొనును. సరకు చాలకున్నను, వ్యవధి లేకున్నను ఆ పని సాగదు.

మొదటి పొరపాటు సరకును గూర్చినది. రెండు పూటలును కంచము నిండ అన్నము, పచ్చిపులుసు. ఆదివారమునాడు మాత్రము కడుపునిండ కోడికూర. ఒకనాటి విందు వారమంతటికిని చాలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కను అనుసరించి, 60 కిలోల బరువుగల వ్యక్తికి దినమునకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావలెను. బరువులెత్తువానికి ఇంచుమించు రెట్టింపు ఉపకరించును. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యుని అడుగక హెచ్చింపరాదు.

అంత మొత్తము ఎక్కడనుండి వచ్చునని గృహిణులు అడుగవచ్చును. 400 గ్రాముల బియ్యమునుండి 32 గ్రాములు, 100 గ్రాముల కంది లేక పెసరపప్పునుండి 23, రెండు గ్రుడ్లనుండి 13, అరలీటరు పాలనుండి 16, గుప్పెడు పల్లీలనుండి 10 – వెరసి సుమారు 94 గ్రాములు! బియ్యమునందును, జొన్నలయందును కొరవడిన లైసిన్ అను అంశము పప్పులలో సమృద్ధిగా కలదు. కావున గట్కతోనైనను అన్నముతోనైనను పప్పు చేరిననే పుష్టి. దీనినంతయు ఒక్కపూట గాక మూడు పూటలకు పంచి తినుట మేలు.

రెండవ పొరపాటు పచ్చిగ్రుడ్లు మ్రింగుట. ఉడికించిన గ్రుడ్డులోని మాంసకృత్తులు నూటికి తొంబది పాళ్లు ఒంటబట్టగా, పచ్చిదానిలో సగమే ఒంటబట్టును. పైగా రోగక్రిముల భయము కలదు.

మూడవది, అన్నిటికంటె ప్రమాదకరమైనది, డబ్బాలపై ఆశ. కండ పెంచుటకై మాంసకృత్తుల పొడులను వాడవలదని 2024లో ఆ సంస్థయే తన ఆహార మార్గదర్శకములలో హితవు చెప్పినది. తండ్రి కూలిడబ్బుతో పొడి కొని, ఇంట పప్పు మాన్పించుట యేమి లాభము? ఇక త్వరగా ఫలితము కలుగునని పొడిపించుకొను స్టెరాయిడు సూదిమందులు గుండెను, కాలేయమును చెరచును, సంతానశక్తిని హరించును. వైద్యుడు వ్రాయని సూదిని ఎవరిచ్చినను తీసికొనరాదు.

నాలుగవది నిద్రలేమి. పెద్దవారికి రాత్రికి ఏడు గంటలకు తక్కువ కాని నిద్ర అవసరము. భూపాలపల్లి బొగ్గుగనులలో రాత్రి షిఫ్టు చేయువారు పగటిపూట చీకటి గదిలో ఆ నిద్రను పూర్తిచేసికొనిన పిమ్మటనే బరువులెత్తుట మంచిది. అర్ధరాత్రివరకు సెల్‌ఫోను చూచువారికి ఆ సాకును లేదు. మద్యము సయితము కండరముల నిర్మాణమును కుంటుపరచును.

ఐదవది విరామము లేకుండుట. నేడు భుజములకు కఠినమైన పని చెప్పినచో రేపు కాళ్లకు చెప్పవలెను. వారమున ఒకనాడైనను పూర్తిగా విశ్రమింపవలెను.

పొడి డబ్బాలు లేని కాలముననే మన తెలుగునాట మహాబలులు వెలసిరి. 1882లో వీరఘట్టమున జన్మించి, కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తి నాయుడు శాకాహారి. ఆయన బలము అందరికిని రాకపోవచ్చును. కాని పప్పు, పాలు, నిద్ర అనునవి అందరికిని అందుబాటులోనివే. మీ యింటి యువకుడు క్రొత్త డబ్బాకై సొమ్మడిగినప్పుడు, ముందుగా నిన్న ఏమి తినెనో, ఎన్ని గంటలు నిదురించెనో అడుగుడని పెద్దలకు మేము మనవి చేయుచున్నాము.