కంటికానని రైతుమిత్రము

బొప్పాయితోటలో ఆకులు ముడుతలుపడి, కాయలపై తెల్లని దూది యంటినట్లు కనబడినతోడనే పురుగుమందుల దుకాణమునకు పరుగిడుట మన రైతులకు వాడుకయైనది. ఈ తొందరయే యొక్కొకప్పుడు తెగులుకంటె నెక్కువ చేటు దెచ్చునని మేము హెచ్చరింపవలసి యున్నది.

ఆ తెల్లని దూది పిండినల్లి. ఇది పొలుసుపురుగులకు దగ్గరి చుట్టము. చెట్టురసమును పీల్చుచు, మైనపుపొడిని కవచముగా గప్పుకొని బ్రతుకును. ఆ కవచమును దాటి మందు లోనికి బోవుట కష్టము. ఇది విసర్జించు తీపిబంకకు జీమలు మూగును. బంక పడినచోట నల్లని మసి పట్టును.

మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతములకు జెందిన బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరునందు గానవచ్చినది. బొప్పాయితో దనివినొందక మల్బరి, కర్రపెండలము, జామ మున్నగువానిపై బడినది. మల్బరి నశింపగా పట్టుపురుగులకు మేత కరవై రైతులు మిక్కిలి నష్టపడిరి. మందులు చల్లినకొలది వ్యయము పెరిగినదేకాని తెగులు తరుగలేదు. పురుగు సముద్రము దాటివచ్చినది. జన్మభూమిలో దాని నదుపునందుంచిన శత్రువు వెంటరాలేదు. కీలకమంతయు నిందే యున్నది.

ఆ శత్రువును వెదకి తెచ్చిన గౌరవము బెంగుళూరునందలి జాతీయ కీటకపరిశోధన సంస్థకు జెందును. 2010లో అమెరికా వ్యవసాయశాఖ సాయమున ప్యూర్టోరికోనుండి మూడుజాతుల కందిరీగలను దెప్పించి, ఇతరప్రాణులకు హాని చేయవని పరీక్షించి, ఆ యేటనే తోటలలో విడిచిరి. వానిలో అసెరోఫేగస్ పపాయే అనునది మిక్కిలి పనికివచ్చినది. కందిరీగ యనగానే జంకవలదు. ఇది ఆవగింజకంటె జిన్నది, మనుష్యుని గుట్టదు. ఆడుది పిండినల్లి దేహములో గ్రుడ్డు పెట్టును. పిల్లపురుగు లోపలినుండి దానిని దినివేయును. నల్లి యెండి డొల్లయగును. ఆ డొల్లకు రంధ్రము చేసికొని క్రొత్త కందిరీగ వెలువడి మఱియొక నల్లిని వెదకికొనును. కొలదిమాసములలోనే తెగులు చాలవఱకు శమించినది.

ఇట్టి సేవకునకు గూలి లేదు, సెలవు లేదు. అయినను విచక్షణలేక చల్లిన మందునకు మొదట జచ్చునది యీ సుకుమారప్రాణియే. కవచముగల నల్లి బ్రతికిపోయి మరల వృద్ధినొందును. కావున మందు చల్లుటకు ముందు రైతు భూతద్దముతో నాకుల నడుగుభాగమున జూడవలెను. రంధ్రములు పడిన యెండు డొల్లలు గనబడినచో మిత్రులు పనిలో నున్నారని తెలిసి, చేయి నిలుపవలెను. చీమలు శత్రువునకు గావలికాయును గనుక వానిని చెట్టెక్కనీయరాదు. ప్రభుత్వమువారు రేవులలో దిగుమతి మొక్కలను గట్టిగా దనిఖీచేయించి, ఈ కందిరీగలను బెంచి రైతులకు సకాలమున నందింపవలెను.

పగవానిని జంపబోయి మిత్రుని జంపుకొనుట యే శాస్త్రమునను వివేకము గాదు.