మబ్బు మనది, వాన మల్నాడుది

ఆషాఢంలో అనంతపురం వైపు వెళ్తే గాలి మనిషిని నిలవనియ్యదు. రామగిరి గుట్టల మీద గాలిమరలు గిర్రున తిరుగుతుంటాయి. పడమటి నుంచి మబ్బులు గుంపులుగా వస్తాయి, ఆగకుండా పోతాయి. వేరుశనగ ఊడలు దిగే వేళకు చేను బెట్టకొస్తుంది. రుతుపవనం మొహం చాటేసిందని జనం విసుక్కుంటారు గానీ, ఆ వీచేది రుతుపవనమే. దాని నీళ్లే దారిలో దిగిపోయాయి.

అరేబియా సముద్రం మీద ఈ గాలి నీటి ఆవిరిని ఎత్తుకుంటుంది, దానితోపాటు బోలెడు వేడిని కూడా. గ్రాము నీటిని సున్నా నుంచి 100 డిగ్రీల దాకా కాచడానికి 100 కేలరీలు చాలు. అదే గ్రాము సముద్రం మీద ఆవిరైతే దాదాపు 580 కేలరీలు మింగుతుంది. ఈ వేడి థర్మామీటరుకు చిక్కదు. 1760ల్లో స్కాట్లాండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ దీన్ని కొలిచి చూపాడు. బడి పుస్తకాల్లో గుప్తోష్ణం అని చదువుకున్నది ఇదే. ఆవిరి ఎక్కడ మళ్లీ బొట్టుగా మారితే అక్కడ ఆ వేడి బయటపడుతుంది. చదరపు కిలోమీటరు నేల మీద ఒక్క సెంటీమీటరు వాన పడిందంటే, పైన మబ్బులో సుమారు 68 లక్షల యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి విడుదలైనట్టు! వాతావరణాన్ని నడిపే ఇంధనంలో పెద్ద వాటా ఇదే.

ఇక పడమటి కనుమలు. గోడలా అడ్డం రావడంతో గాలి పైకి ఎక్కక తప్పదు. ఎక్కే గాలి చల్లబడుతుంది, ఆవిరి మళ్లీ నీరవుతుంది. అందుకే కనుమల అంచున మల్నాడు సీమలో ఉన్న ఆగుంబెలో ఏటా 7,000 మి.మీ. పైగా వాన కురుస్తుంది. అనంతపురానికి దక్కేది దాదాపు 550.

అయితే నీళ్లు తగ్గడం ఒక్కటే కాదు. మబ్బు కడుతూ ఎక్కే గాలి, లోపల గుప్తోష్ణం విడుదలవుతుంది కాబట్టి, కిలోమీటరుకు ఐదారు డిగ్రీలే చల్లబడుతుంది. అవతల దిగేటప్పుడు మాత్రం కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. నీళ్లు మల్నాడులో దింపి వేడిని మాత్రం వెంట తెచ్చుకుంటుందన్న మాట. వేడెక్కినకొద్దీ గాలిలో తేమ శాతం పడిపోతుంది. కనబడే ఆ మబ్బులు పలచనివి, బాగా పైకి ఎదగలేనివి.

2000ల్లో రాయలసీమలో విమానాలతో మేఘమథనం చేశారు. కురవడానికి సిద్ధంగా ఉన్న మబ్బుకు అది కాస్త సాయం చేయగలదేమో. ఎదగని మబ్బును ఎదిగించలేదు. నాకైతే ఆ ఖర్చు మీద ఎప్పుడూ నమ్మకం కుదరలేదు.

పడమటి గాలి జోరు తగ్గాక, పుబ్బ, ఉత్తర కార్తెల్లో కథ మారుతుంది. బంగాళాఖాతం వైపు నుంచి తేమ లోపలికి వస్తుంది, మధ్యాహ్నపు ఎండకు కాగిన నేల దాన్ని నిలువుగా పైకి తోస్తుంది, సాయంత్రానికి ఉరుములు. అనంతపురంలో ఎక్కువ వాన పడేది సెప్టెంబరులోనే. అప్పటికి వేరుశనగకు జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. సాళ్ల మధ్య వేసిన కంది మాత్రం ఇంకా నెలల తరబడి చేలో నిలుస్తుంది, ఆ వాన దానికి అందుతుంది.