టర్బో ఇంజన్ ఊపిరి: క్రాంక్‌కేసు వాయువులను అదుపు చేయడం



అండమాన్ ట్రంక్ రోడ్డు గురించి మీరు వినే ఉంటారు. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన శ్రీ విజయపురం నుంచి ఉత్తరాన డిగ్లిపూర్ వరకు సాగే ఈ దారి పొడవు 300 కి.మీ.కు పైనే. ఈ దారిలో తిరిగే ఒక టర్బో డీజిల్ వాహనాన్ని ఊహించుకోండి. దాని గాలి గొట్టంలో నూనె చేరింది, పొగ నీలంగా వస్తోంది. టర్బో పాడైందనుకుని మార్చారు. కొత్త టర్బో కూడా నెల తిరగకుండానే నూనె కార్చింది. చెన్నై, విశాఖపట్నం ఓడరేవులు ఇక్కడికి సుమారు 1200 కి.మీ. దూరం. అంత దూరం నుంచి ఓడలో తెప్పించిన ఖరీదైన భాగం వృథా అయింది. మరి తప్పు ఎక్కడ జరిగింది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

బ్లో-బై అంటే ఏమిటి?

సిలిండర్‌లో ఇంధనం మండినప్పుడు పుట్టే పీడనం పిస్టన్‌ను కిందికి నెడుతుంది. పిస్టన్ రింగులు వాయువులను ఆపుతాయి కాని, పూర్తిగా ఆపలేవు. వేడికి వ్యాకోచించడానికి వీలుగా ప్రతి రింగులో చిన్న ఖాళీ ఉంచుతారు. ఆ సందుల గుండా కొంత వాయువు కింది క్రాంక్‌కేసులోకి జారుతుంది. దీనినే బ్లో-బై అంటారు. అంటే కొత్త ఇంజన్‌లో కూడా బ్లో-బై ఉంటుంది. రింగులు అరిగితే అది పెరుగుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. 1.5 లీటర్ల నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తన ఘనపరిమాణమంత గాలి పీలుస్తుంది. నిమిషానికి 3000 చుట్ల వేగంలో అది 2250 లీటర్లు. టర్బో ఆ గాలి పీడనాన్ని రెట్టింపు చేస్తే లోపలికి వెళ్లే గాలి ఇంచుమించు 4500 లీటర్లకు సమానం. అందులో నూటికి ఒక వంతు జారినా నిమిషానికి 45 లీటర్లు! దానికి బయటికి దారి లేకపోతే పీడనం పెరిగి నూనె సీళ్ల గుండా బయటికి తన్నుకొస్తుంది.

ఈ వాయువులో నీటి ఆవిరి, మసి, మండని ఇంధనం, సన్నని నూనె తుంపర్లు ఉంటాయి. నీరు ఎక్కడిది? పెట్రోలులో ఒక భాగమైన ఆక్టేన్‌ను తీసుకోండి. 114 గ్రాముల ఆక్టేన్ పూర్తిగా మండితే 162 గ్రాముల నీరు పుడుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే ఈ ఆవిరి బయటికి పోతుంది. రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆపేస్తుంటే అది లోపలే చల్లబడి, నూనెతో కలిసి మీగడ లాంటి ముద్దగా మారుతుంది. చిన్న దీవుల్లో ప్రయాణాలు తరచు ఇలాగే పొట్టిగా ఉంటాయి. ఆ ముద్ద గాలి గొట్టాలను మూసేస్తుంది.

పీసీవీ పద్ధతి

పాతకాలపు కార్లలో ఈ వాయువులను గొట్టం ద్వారా రోడ్డు మీదికే వదిలేవారు. కాలిఫోర్నియా పొగమంచు సమస్యతో 1961 మోడల్ కార్ల నుంచి వాటిని తిరిగి ఇంజన్‌లోకి పంపి మండించే పద్ధతి అక్కడ మొదలైంది. ఇదే పీసీవీ. మామూలు పెట్రోలు ఇంజన్‌లో థ్రాటిల్ వెనుక ఉండే తక్కువ పీడనమే వాయువులను లాగుతుంది.

టర్బో వచ్చేసరికి కథ తిరగబడుతుంది. బూస్టు సమయంలో మేనిఫోల్డు పీడనం వాతావరణ పీడనాన్ని మించిపోతుంది. అప్పుడు వాయువు వెనక్కి తన్నకుండా ఒకవైపు మాత్రమే తెరుచుకునే వాల్వు మూసుకుంటుంది. వాయువు రెండో గొట్టం ద్వారా టర్బో కంప్రెసర్ ముందు భాగానికి వెళుతుంది. డీజిల్ ఇంజన్లలో సాధారణంగా ఎప్పుడూ ఈ దారే ఉంటుంది.

తుంపర్లు చేసే చేటు

నూనె తుంపర్లు ఇంటర్‌కూలర్ లోపల పొరగా అంటి గాలి చల్లబడకుండా చేస్తాయి. పెట్రోలు ఇంజన్‌లో నాకింగ్‌కు దారితీస్తాయి. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వులను కడిగే ఇంధనం ఉండదు కనుక వాటి మీద మసి గట్టిపడుతుంది.

డీజిల్ ఇంజన్‌లో ఇంకో ప్రమాదం ఉంది. గాలితో పాటు నూనె ఎక్కువగా వస్తే ఇంజన్ దానినే ఇంధనంగా మండిస్తుంది. తాళం తీసినా ఆగదు, వేగం పెరుగుతూనే ఉంటుంది. గాలి అందకుండా చేస్తేనే ఆగుతుంది. ఆ సమయంలో గాలి గొట్టం దగ్గర చేయి పెట్టరాదు.

అందుకే వాయువు దారిలో నూనెను వేరుచేసే అర ఉంచుతారు. అందులో వాయువు వంపులు తిరుగుతుంది లేదా సుడి తిరుగుతుంది. బరువైన తుంపర్లు గోడలకు తగిలి సంప్‌లోకి దిగుతాయి. మజ్జిగ చిలికే కవ్వం చుట్టూ చుక్కలు అంచులకు ఎగరడం చూశారు కదా, సూత్రం అదే. కొందరు అదనంగా నూనె పట్టే డబ్బా బిగిస్తారు. దానిని తరచు ఖాళీ చేయాలి. అందులోని నీరు కలిసిన నూనెను తిరిగి ఇంజన్‌లో పోయకూడదు. పగడపు దిబ్బలున్న దీవుల్లో కాలువలో అసలే పారబోయకూడదు.

మొదటి ప్రశ్నకు జవాబు

టర్బో బేరింగుల నుంచి నూనె తన బరువుతోనే సంప్‌లోకి దిగుతుంది. బ్రీదర్ మూసుకుపోయి క్రాంక్‌కేసులో పీడనం పెరిగితే నూనె దిగలేదు. సీళ్లు దాటి గాలి గొట్టంలోకి వస్తుంది. కొత్త టర్బో వేసినా అంతే!

కనుక ముందు బ్రీదర్, గొట్టాలు, నూనె వేరుచేసే అర శుభ్రం చేయాలి. తరువాత మీ భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని యూ-గొట్టం మానోమీటరునే డిప్‌స్టిక్ గొట్టానికి కలిపి పీడనం కొలవవచ్చు. నీటి మట్టాల తేడా 10 సెం.మీ. ఉంటే పీడనం సుమారు ఒక కిలోపాస్కల్ ఎక్కువగా ఉన్నట్లు. తయారీదారు చెప్పిన హద్దుతో దానిని పోల్చాలి. శుభ్రం చేశాక కూడా హద్దు దాటితే రింగులు, సిలిండర్లు పరీక్షించాలి. అవన్నీ బాగుంటేనే టర్బో మీద అనుమానపడాలి. దీవులలో విద్యుత్తునందించే టర్బో డీజిల్ జనరేటర్లకూ ఇదే వరుస వర్తిస్తుంది.

సారాంశం: బ్లో-బైని పూర్తిగా ఆపలేం. దానికి తెరిచిన దారి ఇవ్వాలి, అందులోని నూనెను వేరు చేయాలి, మిగిలినది మండించాలి.

ఆలోచించండి

1. బూస్టు సమయంలో పీసీవీ వాల్వు మూసుకోకపోతే ఏమవుతుంది?
2. పొట్టి ప్రయాణాలు చేసే వాహనానికి ఇంజన్ నూనె ముందుగా ఎందుకు మార్చాలి?
3. 2 లీటర్ల ఇంజన్ 2400 చుట్ల వేగంలో, టర్బో లేకుండా, నిమిషానికి ఎంత గాలి పీలుస్తుంది?