కాలువలు కట్టేసిన నెలల్లో కుళాయి నీళ్లు



వేసవిలో విరేచనాలతో ఉన్న బిడ్డను తీసుకువచ్చిన తల్లిని, బిడ్డ ఏమి తిన్నాడని మేము మొదట అడుగుతాం. రెండో ప్రశ్న, "మీ ఇంటి కుళాయికి మోటారు ఉందా అమ్మా?" అని. ఇది చాలామందికి వింతగా తోస్తుంది.

ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, దక్షిణాన సముద్రం. చుట్టూ నీళ్లే ఉన్న కోనసీమకు వేసవిలో మంచినీళ్లే కరువు. రబీ కోతలయ్యాక మరమ్మతులకు, పూడిక తీయడానికి ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలను ఏటా కట్టేస్తారు. మళ్లీ వదిలేది జూన్‌లోనే. 2022లో ముందుగా జూన్ 1నే వదిలారు. ఆలోగా గడవడానికి మంచినీటి చెరువులు నింపి ఉంచుతారు. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీళ్లే కనుక ఆ చెరువే దిక్కు. చెరువు మట్టం తగ్గేకొద్దీ కుళాయి వచ్చే సమయమూ తగ్గుతుంది. పెళ్లిళ్లు, సెలవులకు వచ్చిన మనుమలు, పిల్లల వేసవి బైబిలు తరగతులు అన్నీ ఆ రోజుల్లోనే.

ఇక మోటారు సంగతి. పైపు నిండా నీళ్లు ఒత్తిడితో వస్తున్నప్పుడు చిల్లు ఉంటే నీళ్లు బయటికి కారతాయి. నష్టమే గాని, మురుగు లోపలికి రాదు. మోటారుతో లాగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, చిల్లు దగ్గర ఉన్నది లోపలికి పీల్చుకుంటుంది. మన వీధుల్లో చాలాచోట్ల మంచినీటి పైపు మురుగు కాలువను దాటి వెళుతుంది. గుంట తవ్వి కుళాయిని కిందికి దించుకున్న ఇళ్లలోనూ ఇదే ప్రమాదం. నీళ్లు ఆగిపోయాక గుంటలో నిలిచినది పైపులోకి వెనక్కి వెళ్లవచ్చు. ఆ నీళ్లు మోటారు పెట్టినవారికే కాదు, వీధి చివరి ఇంటికీ వెళతాయి. ఎవరినీ తప్పుపట్టడం లేదు, మాలోనూ మోటారు పెట్టుకున్నవారున్నారు. నాలుగు బిందెలైనా నిండకపోతే ఎవరు ఊరుకుంటారు?

అందుచేత మొదట వచ్చిన బిందెడు నీళ్లు తాగడానికి వాడకండి. తాగే నీళ్లు తెర్లేవరకు కాచండి. గుడ్డతో వడకడితే మట్టి పోతుంది, క్రిములు పోవు. క్లోరిన్ బిళ్ల వేస్తే ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం వేసి, అరగంట ఆగి తాగండి. బిందెలో చేయి ముంచకుండా కాడ ఉన్న గరిటె వాడండి. డబ్బిచ్చి కొన్న టిన్ను నీళ్లయినా, మూత తీశాక అందరూ గ్లాసులు ముంచితే ప్రయోజనం లేదు.

విరేచనాలు సాధారణంగా కొద్ది రోజుల్లోనే బయటపడతాయి. కామెర్లు అలా కాదు. నీటివల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రెండు వారాల నుంచి రెండు నెలల లోపు ఎప్పుడైనా బయటపడవచ్చు. మేలో తాగిన నీళ్ల ఫలితం జూన్, జూలైల్లో కళ్లలో కనిపిస్తుంది. అప్పటికి కాలువలు పారుతుంటాయి, నీళ్ల మీద అనుమానం ఎవరికీ రాదు. గర్భిణులకు, ముఖ్యంగా చివరి నెలల్లో, హెపటైటిస్ ఇ ప్రాణాంతకం కావచ్చు. పసరు మందు కోసం ఊరూరా తిప్పి రోజులు పోగొట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

విరేచనాలు పట్టుకున్న బిడ్డకు నీళ్లిస్తే ఇంకా ఎక్కువవుతాయని ఆపేసే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ప్రాణం తీసేది ఒంట్లో నీరు పోవడమే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు తాగించి ఎందరినో బ్రతికించారు. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ ఆ దారిలో వచ్చినదే. అది అందకపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే హాని. తల్లిపాలు ఆపవద్దు.

మన కొబ్బరిబోండం మంచిదే. కాని అందులో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ, కనుక ఓ.ఆర్.ఎస్.కు బదులు కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టర్ని అడిగే తాగాలి.

కళ్లు లోపలికి పోయినా, ఏడిస్తే కన్నీరు రాకపోయినా, ఆరు గంటలుగా మూత్రం లేకపోయినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా, మలంలో రక్తం కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. దారిలో కూడా చెంచాతో ఓ.ఆర్.ఎస్. పట్టిస్తూనే తీసుకురండి.